వేగమునకొక కొలత, నిలుకడకొక కొలత

క్రికెట్టు పిచ్ 22 గజముల పొడవుండవలెనని 1744లో వ్రాసికొనిన నియమావళియే శాసించినది. ఆంగ్లదేశపు భూమాపకులు పొలములు కొలుచుటకు వాడిన గంటర్ గొలుసు పొడవును సరిగా అంతయే. బంతి తూకము 5½ ఔన్సులకు తగ్గరాదు, 5¾ ఔన్సులకు మించరాదు అను కట్టుబాటు 1774 నుండియు ఉన్నది. పరుగులను, వికెట్లను, ఓవర్లను, ఆడినవారి పేర్లను, వానచే ఆట సాగని దినములను సైతము గ్రంథస్థము చేసి భద్రపరచుకొనిన ఈ ఆట, ప్రేక్షకునిచే ఊపిరి బిగబట్టించు ఆ ఒక్క సంగతిని, అనగా ఫాస్టు బౌలరు చేతినుండి వెడలిన బంతి ఎంత వేగమున పోయినదను సంగతిని మాత్రము, రెండువందల సంవత్సరములు కొలువజాలక, సాక్షుల మాటలమీదను, జ్ఞాపకములమీదను, కొన్ని బాహ్యచిహ్నములమీదను ఆధారపడి కాలము గడపినది. ఆ కొలత ఎట్లు చేజిక్కినదో, చేజిక్కిన పిమ్మట అది మనకు ఏమి చెప్పగలిగినదో, ఏమి చెప్పలేకపోయినదో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

కొలత లేనంత మాత్రమున తీర్పు చెప్పుట ఆగలేదు. వికెట్ కీపరు స్టంపులకు ఎన్ని గజముల వెనుక నిలిచినాడు, స్లిప్ ఫీల్డర్లు ఎంత దూరమునకు జరిగినారు, బంతి కీపరు గ్లవ్స్‌లో పడినపుడు ఎట్టి చప్పుడైనది, ఎదుట నిలిచిన బ్యాట్స్‌మన్ పాదము ముందునకు వచ్చినదా వెనుకకు పోయినదా? మైదానము చుట్టును కూర్చున్న అనుభవజ్ఞులు ఈ గుర్తులనుబట్టియే వేగమును నిర్ణయించుచుండిరి. ఈ గుర్తులలో అడుగులకును అంగుళములకును అందినది ఒక్కటి కలదు: స్టంపు ఎగిరినపుడు దానిమీది బెయిల్ ఎంత దూరము పోయి పడినదను లెక్క. 1911లో మాంచెస్టరు నగరమునందలి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున వూస్టర్‌షైర్ బౌలరు బరోస్, లాంకషైర్ ఆటగాడు హడిల్‌స్టన్‌ను బౌల్డు చేసినపుడు బెయిల్ 67 గజముల 6 అంగుళముల దూరమున పడినదని కొలిచి రికార్డు గ్రంథములకెక్కించిరి. మూడు పిచ్‌లను ఒకదాని వెంట ఒకటి పరచినను ఆ దూరమునకు చాలదు. చదివినపుడు ఆశ్చర్యము కలుగక మానదు. కాని బెయిల్ ఎగిరిన దూరము బంతి వేగముమీద ఎంత ఆధారపడునో, బంతి స్టంపునకు ఏ చోట తగిలినదనుదానిమీదను, ఆనాటి గాలిమీదను, బెయిల్ కట్టె బరువుమీదను అంతే ఆధారపడును. కొలిచినది ఖచ్చితముగనే కొలిచిరి. కొలువవలసిన వస్తువు మాత్రము అది కాదు.

అంతకు పూర్వపు తరమున వేగమునకు నిదర్శనములు కథలరూపమున వ్యాపించినవి. 1896లో ఆస్ట్రేలియా జట్టుతో ఇంగ్లండునకు వచ్చిన ఎర్నెస్ట్ జోన్స్ వేసిన ఒక బంతి డబ్ల్యు.జి.గ్రేసుగారి సుప్రసిద్ధమైన గడ్డమునడుమనుండి దూసికొనిపోయినదను ఉదంతము నేటికిని చెప్పుకొనబడుచున్నది. ఎసెక్స్ బౌలరు ఛార్లెస్ కోర్ట్‌రైట్ ఒక్క టెస్టు మ్యాచి యైనను ఆడలేదు. ఐనను పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున ఇంగ్లండున అతనికి మించిన వేగము లేదను కీర్తి, అతనిని ఎదుర్కొనినవారి నోటిమాటవలననే, అతని జీవితకాలమును దాటి నిలిచినది. 1931 నవంబరులో బ్రిస్బేన్ నగరమున ఎడ్డీ గిల్బర్ట్ అను ఆదివాసి బౌలరు, నాలుగైదడుగుల పరుగు మాత్రమే తీసి, డాన్ బ్రాడ్‌మన్ చేతిలోని బ్యాటు ఊడిపోవునట్లు బంతివేసి, మరికొద్ది బంతులలోనే అతనిని సున్నకు పెవిలియనుకు పంపెను. ఆనాటి ఆ కొన్ని బంతులను బ్రాడ్‌మన్ జీవితాంతము మరువలేదు.

ఇట్టి సాక్ష్యములయందు లోపములు లేకపోలేదు. ఔటైనవాడు తన్ను ఔట్ చేసినవాని వేగమును కొంత పెంచి చెప్పుట మానవస్వభావము. ప్రతి తరమువారును తమ యౌవనమున చూచిన బౌలరునే సర్వోత్తముడని తలంతురు. ఐనను వీనిని త్రోసిపుచ్చుట న్యాయము కాదని నా అభిప్రాయము. గంటకు 145 కిలోమీటర్ల వేగముతో చేయిదాటిన బంతి ఒక క్రీజునుండి మరియొక క్రీజునకుగల 58 అడుగులను దాటుటకు అర సెకను కాలమైనను పట్టదు. ఆ అర సెకనులో బంతి పడు చోటును గుర్తించి, పాదమును కదల్చి, బ్యాటును దింపుచు ఇరువది సంవత్సరములు బ్రదికినవాని కన్ను కూడ ఒక యంత్రమే. దానికి అంకెలు చెప్పుట రాదుగాని, ఇద్దరు బౌలర్లలో ఎవడు వేగవంతుడో చెప్పుట చక్కగా వచ్చును.

మన దేశపు తొలి టెస్టు మ్యాచియందు అట్టి సాక్ష్యము స్కోరుపుస్తకమునందే నిలిచినది. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున, నాగపురమున పుట్టిన తెలుగుబిడ్డ కర్నల్ సి.కె.నాయుడుగారి నాయకత్వమున భారత జట్టు ఫీల్డింగునకు దిగినపుడు ఎదుట నిలిచినవారు సామాన్యులు కారు. హోమ్స్, సట్‌క్లిఫ్ అను ఆ యార్క్‌షైర్ జంట, అప్పటికి పదిదినముల క్రిందటనే, లేటన్ మైదానమున తొలి వికెట్టునకు 555 పరుగులు జోడించి లోకమును విభ్రాంతి నొందించియుండెను. నాయుడుగారు క్రొత్తబంతిని పంజాబు దేశీయుడైన మహమ్మదు నిసార్ చేతికిచ్చిరి. నిలువెత్తు మనిషి, విశాలమైన భుజములు, దీర్ఘమైన పరుగు. సట్‌క్లిఫ్ 3 పరుగులకు, హోమ్స్ 6 పరుగులకు, ఇద్దరును నిసార్ బంతికే బౌల్డైరి. వులీ రనౌటు కాగా, ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు పోగొట్టుకొనెను. ఆ ఇన్నింగ్సున నిసార్ 93 పరుగులిచ్చి 5 వికెట్లు తీసెను. ఆ ప్రాతఃకాలమున అతని బంతి గంటకు ఎన్ని మైళ్లు పోయినదో ఎన్నటికిని తెలియదు; 555 పరుగుల జంటకు దానిని అందుకొనుటకు వ్యవధి చాలలేదని మాత్రము తెలియుచున్నది. నిసార్‌కు పిమ్మట దాదాపు అర్ధశతాబ్దము అట్టి బౌలరు మనకు దొరకకపోవుట మన క్రికెట్టు చరిత్రలో ఒక దీర్ఘమైన లోటు.

అంకె అను వస్తువు ఈ కథలోనికి నెమ్మదిగా ప్రవేశించినది. 1954-55లో ఆస్ట్రేలియాలో పర్యటించిన ఇంగ్లండు జట్టులో ఫ్రాంక్ టైసన్ అను యువకుడుండెను. డర్హం విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యము చదివినవాడు. బ్రిస్బేన్ టెస్టులో 160 పరుగులిచ్చి ఒక్క వికెట్టు మాత్రమే తీసి, పిమ్మట తన పరుగును కుదించుకొని, సిడ్నీలో పది వికెట్లును, మెల్బోర్నున ఒకే ఇన్నింగ్సులో 27 పరుగులకు 7 వికెట్లును తీసెను. సిడ్నీలో బ్యాటు చేయుచుండగా ఆస్ట్రేలియా బౌలరు లిండ్వాల్ బంతి తలకు తగిలి నేలకొరగి, తెప్పరిల్లి, మరల వచ్చి ఆరు వికెట్లు తీసిన సంగతి అతని దేహబలమునకును మనోబలమునకును సాక్షి. ఆ పర్యటనాంతమున 1955లో న్యూజిలాండునకు పోయినపుడు వెల్లింగ్టన్‌లోని వైమానిక కళాశాలయందు అతని వేగమును కొలిచిరి. చలికి తాళలేక స్వెట్టర్లు ధరించి, శరీరము వేడెక్కకముందే వేసిన ఆ బంతులు గంటకు 89 మైళ్లు, అనగా సుమారు 143 కిలోమీటర్ల వేగమున పోయినవట. అతని సహచరుడు బ్రయన్ స్టాథంను కూడ అదే సమయమున కొలువగా 87 మైళ్లు వచ్చినది.

ఆ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారికి ఒక సందేహము కలుగక తప్పదు. వేగమున ఇద్దరికిని భేదము రెండు మైళ్లే. ఐనను లోకము ఒకనిని పెనుతుఫానని పిలిచినది. రెండవవానిని నమ్మకస్తుడని మెచ్చికొనినది. టైసన్ గాలివాటున బంతివేయుచుండగా, ఎదురుగాలికి వేయు పని స్టాథం వంతునకు వచ్చినది. ఒకవైపు పరుగులు పుట్టక ఉక్కిరిబిక్కిరియైన బ్యాట్స్‌మన్, రెండవవైపు తొందరపడి ఔటగుచుండెను. తన విజయములో స్టాథంకు భాగమున్నదని టైసన్ తానే ఒప్పుకొనెను. కాలము వారిద్దరికి చెప్పిన తీర్పు ఇది: టైసన్ 17 టెస్టులలో 76 వికెట్లతో ఆగిపోయెను; స్టాథం 70 టెస్టులాడి 252 వికెట్లు తీసెను. ఎన్ని ఏండ్లు గడచినను చాలు వంకర పోనీయని సేద్యగానివలె అతడు ఒకే లైనును పట్టుకొని బంతి వేసెను. టైసన్ వికెట్టునకు ఇచ్చిన సగటు పరుగులు 18.56, అంత చవుకగా వికెట్లు తీసినవారు అరుదు. అతని ప్రతిభను తగ్గించుట నా ఉద్దేశము కాదు. వెల్లింగ్టన్‌లో ఒక ఉదయము తీసిన అంకె, ఆ ఇద్దరి జీవితములలోని ఈ భేదమును ముందుగా సూచింపజాలలేదని మాత్రమే చెప్పుచున్నాను.

ఈ కాలమునందే మన దేశము వేగము లేకపోవుటవలని ప్రమాదమును కన్నులార చూచెను. 1962 మార్చిలో బార్బడోస్ ద్వీపమున ఛార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి భారత నాయకుడు నారీ కంట్రాక్టరు పుర్రె చిట్లెను. వెస్టిండీస్ నాయకుడు ఫ్రాంక్ వారెల్ స్వయముగ రక్తమిచ్చెను. ప్రాణము దక్కినదిగాని కంట్రాక్టరు మరల టెస్టు ఆడలేదు. మన బ్యాట్స్‌మన్లకు వేగము అలవాటు కావలెనన్న తలంపుతో క్రికెట్టు బోర్డువారు 1962-63లో నలుగురు వెస్టిండీస్ ఫాస్టు బౌలర్లను రప్పించి, దేశవాళీ పోటీలలో ఒక్కొక్కరిని ఒక్కొక్క జట్టునకు పంచిరి. కింగ్ బెంగాలునకు, స్టేయర్స్ బొంబాయికి, వాట్సన్ ఢిల్లీకి పోగా, మన హైదరాబాదు జట్టునకు వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్.

గిల్‌క్రిస్ట్ చరిత్ర తెలిసినవారు ఆ వార్త వినినపుడు కొంత భయమొందియుందురు. 1958-59లో ఇతడు వెస్టిండీస్ జట్టుతో భారతదేశమునకు వచ్చి, నాలుగు టెస్టులలో 26 వికెట్లు తీసి, నేలతాకకుండ తలకు గురిపెట్టిన బీమర్లను నాయకుడు వలదన్నను మానక, అమృతసర్ ఆట పిమ్మట ఇంటికి పంపివేయబడినవాడు. మరల టెస్టు మ్యాచి ఆడుటకు అతనికి అవకాశము రాలేదు. అట్టివాడు హైదరాబాదు పక్షమున కలకత్తాలో బెంగాలుతో రంజీ మ్యాచి ఆడుచు తన సమస్త వేగమును చూపగా, అతనిని ఆ పూర్వపర్యటనలోనే ఎరిగిన పంకజ్ రాయ్ రెండు ఇన్నింగ్సులలోను శతకములు సాధించెను. వేగము ఎంతటిదైనను, అది తన చెప్పుచేతలలో లేనినాడు ధైర్యముగ నిలిచినవానికి పరుగులై ముట్టును. గిల్‌క్రిస్ట్ రాకవలన మన కుఱ్ఱవాండ్రలో ఎందరు నిజముగ లాభపడిరో తూచి చెప్పుట కష్టము. వేగమును ఎదుర్కొని చూచుట యనునది ఒక శిక్షణయని దేశము గుర్తించినదనుట మాత్రము నిజము.

శాస్త్రజ్ఞులు మైదానమునకే వచ్చి, జరుగుచున్న టెస్టు మ్యాచియందే బంతులను కొలిచిన ఘట్టము 1975 డిసెంబరులో పెర్త్ నగరమున సంభవించెను. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ జట్లు ఆడుచుండగా పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన పరిశోధకులు అతివేగముగ చిత్రములు తీయు కెమెరాలను నిలిపి, బంతి చేయి విడిచిన క్షణమున దాని వేగమెంతో గణించిరి. ఆస్ట్రేలియా బౌలరు జెఫ్ థాంసన్ బంతి గంటకు 160 కిలోమీటర్లను దాటినదని తేలెను. ఈటె విసరువానివలె చేతిని వీపువెనుక దాచి ఒక్కసారిగ ముందునకు విసరు అతని విధానము లోకమునకు అదివరకే దిగ్భ్రమ కలిగించియుండెను. ఇపుడు దానికి అంకె కూడ లభించినది. అయితే ఆ మ్యాచి స్కోరును పరిశోధనాపత్రము ప్రక్కన పెట్టుకొని చదువవలెను. థాంసన్, డెనిస్ లిల్లీలు ఇద్దరును బంతివేసిన ఆ పిచ్‌మీదనే వెస్టిండీస్ ఆటగాడు రాయ్ ఫ్రెడరిక్స్ 71 బంతులలో శతకము పూర్తిచేసి 169 పరుగులు సాధించెను. రాబర్ట్స్ రెండవ ఇన్నింగ్సున 54 పరుగులకు 7 వికెట్లు తీయగా, వెస్టిండీస్ ఇన్నింగ్సు విజయము పొందెను.

మూడేండ్ల పిమ్మట, 1978-79 ఋతువున, అదే పెర్త్ నగరమున టెలివిజనువారు ఫాస్టు బౌలర్లకు ఒక పోటీ పెట్టిరి. భుజము దెబ్బతిని కోలుకొనిన థాంసన్ 147.9 కిలోమీటర్లతో ప్రథముడయ్యెను, హోల్డింగ్ 141.3, ఇమ్రాన్ ఖాన్ 139.7 కిలోమీటర్లతో తరువాతి స్థానములు పొందిరి. 1975నాటి అంకెకును 1979నాటి అంకెకును గల వ్యత్యాసమును చూచి థాంసన్ వేగము పడిపోయెనని కొందరు, యంత్రము తక్కువ చూపెనని కొందరు వాదించిరి. ఈ వాదమునందు ఇరుపక్షములవారును మరచిన విషయమొకటి కలదు. బంతి చేయి విడిచినపుడు ఉన్న వేగము వేరు, మార్గమధ్యమున ఉన్న వేగము వేరు, నేలతాకి లేచి బ్యాటును చేరునప్పటి వేగము వేరు. గాలి ఒరిపిడి కొంత హరించును. నేల మరింత హరించును. ఎక్కడ కొలిచినారో చెప్పని అంకెను మరియొక అంకెతో పోల్చుట, గొలుసుతో కొలిచిన దూరమును, సేరుతో తూచిన ధాన్యమును ఒక్క పద్దులో కూడినంత అసంగతము.

ఈ చిక్కును చాలవరకు తీర్చినది రాడారు. కదలుచున్న వస్తువునుండి వచ్చు తరంగము తన తరచుదనమును మార్చుకొనునని ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు డాప్లర్ 1842లో ప్రతిపాదించెను. ఆ సూత్రముతోనే దక్షిణాఫ్రికాలో హెన్రీ జాన్సన్ అను ఇంజనీరు ఫిరంగిగుండ్ల గమనమును పరిశీలించు పరికరములను నిర్మించుచు, అదే పద్ధతిని క్రికెట్టు బంతికి అన్వయించెను. 1999 ప్రపంచ కప్పు నాటినుండి బంతి పడిన మరుక్షణమే టెలివిజను తెరమీద వేగము కనబడుట ప్రేక్షకులకు అలవాటైనది. సైట్ స్క్రీను దరిని, బంతి దారికి సూటిగా నిలిపిన ఈ యంత్రము చేయివిడుపు వేగమునే గ్రహించును. పక్కకు జరిపి ఒక కోణమున నిలిపినచో ఉన్నదానికంటె తక్కువ చూపును. పొరపాటున ఎక్కువయు చూపవచ్చును. 2022లో డబ్లిన్ నగరమున భువనేశ్వర్ కుమార్ బంతికి గంటకు 201 కిలోమీటర్లని తెర చూపెను. 2024 డిసెంబరులో అడిలైడ్ నగరమున మన హైదరాబాదీ మహమ్మదు సిరాజ్ బంతికి 181 కిలోమీటర్లని చూపెను. రెండును యంత్రపు తప్పిదములే. అంకె తెరమీద వెలుగుచున్నంత మాత్రమున సత్యము కాదని ప్రేక్షకులు అప్పుడు గ్రహించిరి.

ఇక నూరు మైళ్ల మాట. 2002లో లాహోరున న్యూజిలాండుమీద షోయబ్ అక్తర్ ఆ హద్దు దాటినాడని తెర ప్రకటించినను, ఆ యంత్రమునకు ఆమోదము లేనందున రికార్డు నిలువలేదు. 2003 ఫిబ్రవరి 22న కేప్‌టౌన్ నగరమున ప్రపంచ కప్పు మ్యాచియందు ఇంగ్లండు ఆటగాడు నిక్ నైట్‌కు అతడు వేసిన బంతి గంటకు 161.3 కిలోమీటర్లు, అనగా 100.2 మైళ్లు చూపెను. నైట్ దానిని లెగ్ వైపునకు నెట్టివేసెను. ఆ మ్యాచియందు పాకిస్తాను 112 పరుగులతో ఓడిపోయెను. బ్రెట్ లీ 2005లో నేపియరున, షాన్ టైట్ 2010లో లార్డ్స్‌లో 161.1 కిలోమీటర్ల వరకు వచ్చిరి. 2015 నవంబరులో పెర్త్ నగరముననే మిచెల్ స్టార్క్ న్యూజిలాండు ఆటగాడు రాస్ టేలర్‌కు 160.4 కిలోమీటర్ల వేగముతో బంతి వేసెను. టేలర్ ఆ ఇన్నింగ్సున సాధించిన పరుగులు 290.

ఈ ఘటనలను వరుసగ చూచినవారు వేగము నిష్ప్రయోజనమని తలంపరాదు. అక్తర్, లీ, స్టార్కులు మహాబౌలర్లు. వారి బంతికి స్టంపులు విరిగిన దినములు లెక్కకు మించియున్నవి. ఎటొచ్చీ ఒక్క బంతి వేగము ఆ బంతిని గురించి చెప్పును. బౌలరును గురించి చెప్పదు. బౌలరును గురించి తెలిసికొనవలెనన్నచో రెండవ కొలత కావలెను. తెలుగునాట ఏ మైదానమున చూచినను కోచ్‌లు పొద్దస్తమానము పలుకు మాట "లైనూ లెంగ్తూ". ఆ రెండు సరిగా ఉన్నవా, ఉన్నచో ఎంతసేపు ఉన్నవి?

ఈ రెండవ కొలతకు కూడ చరిత్ర కలదు, అది మొదటిదానికంటె పాతది. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదశలో క్యాచిచే వచ్చిన వికెట్టును పట్టినవాని పేరనే వ్రాసి, బౌలరు పేరు స్కోరుపుస్తకమున వ్రాసెడివారు కారు. క్రమముగ ఓవర్లు, మెయిడెన్లు, పరుగులు, వికెట్లు అను నాలుగు గళ్లు ఏర్పడి బౌలరునకు న్యాయము జరిగెను. ఆ నాలుగు గళ్లనుబట్టియే సిడ్నీ బార్న్స్ 27 టెస్టులలో 16.43 సగటున 189 వికెట్లు తీసినట్లు మనకు తెలియును. అతని వేగమునకు ఒక్క అంకెయు లేకున్నను అతని గొప్పదనమును ఎవరును శంకింపరు. నెట్స్‌లో గుడ్ లెంగ్త్ చోట చేతిరుమాలు పరచి, దానిమీద ఎన్ని బంతులు పడినవో లెక్కించు అభ్యాసము తరతరములుగ బౌలర్లను తీర్చిదిద్దినది. 2001 మే నెలలో లార్డ్స్ మైదానమున, ఇంగ్లండు పాకిస్తానుతో ఆడుచుండగా, పాల్ హాకిన్స్ నిర్మించిన హాక్-ఐ మొదటిసారి టెలివిజనులో కనబడెను. పలు కెమెరాలతో బంతి మార్గమంతయు పట్టుకొను ఈ పద్ధతివలన ఏ బంతి ఎక్కడ పడినదో, స్టంపుల వరుసలో ఏ ఎత్తున పోయినదో చుక్కలుగ తెరమీద నిలిచెను. గ్లెన్ మెక్‌గ్రా బంతుల చుక్కలు చూచినవారికి అవి ఆఫ్ స్టంపు తలమీద గుమిగూడియుండుట ఆశ్చర్యము గొలిపెడిది. అతని వేగము సుమారు 130 కిలోమీటర్లు. అతని టెస్టు వికెట్లు 563. చేతిరుమాలు చేయు పనినే హాక్-ఐ చేసినది, ప్రతి బంతికిని, ప్రతి మ్యాచియందును.

ఇపుడు మన దేశమున వేగమునకు కొఱతలేదు. 1987లో మదరాసున ఎం.ఆర్.ఎఫ్. పేస్ ఫౌండేషన్‌ను స్థాపించి డెనిస్ లిల్లీని రప్పించిననాటినుండి రెండు మూడు తరముల బౌలర్లు తయారైరి. 2022 ఐ.పి.ఎల్. ఋతువున మన సన్‌రైజర్స్ హైదరాబాదు పక్షమున ఆడిన జమ్మూ యువకుడు ఉమ్రాన్ మాలిక్ గంటకు 157 కిలోమీటర్ల బంతి వేసి దేశమును ఉప్పొంగించెను. ఆ దినమున అతడు నాలుగు ఓవర్లలో 52 పరుగులిచ్చి వికెట్టు లేక మిగిలెను. ఆ ఋతువున 22 వికెట్లు తీసిన ప్రతిభావంతుడతడు. అతని వేగమునకు నిలుకడ తోడగునట్లు ఓపికతో పెంచవలసిన బాధ్యత పెద్దలది.

హైదరాబాదు ఈ విషయమున చవిచూచిన నిరాశయు చిన్నది కాదు. దేవరాజ్ గోవిందరాజ్ అను ఫాస్టు బౌలరు 1971లో వెస్టిండీస్, ఇంగ్లండు పర్యటనలు రెంటికిని ఎంపికై, ఒక్క టెస్టైనను ఆడక తిరిగి వచ్చెను. స్పిన్ బౌలర్లే మనకు అస్త్రములైన కాలమది. క్రొత్తబంతిని మీడియం పేసర్లు నాలుగైదు ఓవర్లు వేసి, మెరుపు పోగొట్టి, స్పిన్నర్ల కందించుట పరిపాటి. ఆ ఏడు ఆగస్టున ఓవల్ మైదానమున గెలుపు పరుగులు కొట్టిన అబిద్ అలీ కూడ హైదరాబాదువాడే, క్రొత్తబంతి వేసినవాడే. గోవిందరాజ్ వేగమెంతయో కొలిచినవారు లేరు, టెస్టులో పరీక్షించినవారును లేరు.

అదే ఓవల్ మైదానమున 2025 ఆగస్టు 4న జరిగినదానిని కొంత నిదానించి చూడవలెను. అయిదు టెస్టుల పర్యటనలో అయిదింటను ఆడిన ఏకైక భారత ఫాస్టు బౌలరు సిరాజ్. చివరి టెస్టు అయిదవనాటి ఉదయమున ఇంగ్లండునకు కావలసినవి 35 పరుగులు, చేతిలో ఉన్నవి నాలుగు వికెట్లు. అందు మూడు వికెట్లు సిరాజ్ తీసెను. భుజము జారి చేతికి కట్టుతో వోక్స్ రెండవ వైపున నిలిచియుండగా, అట్కిన్సన్ ఆఫ్ స్టంపును ఎగురగొట్టిన చివరి యార్కరు, ఆ పర్యటనలో సిరాజ్ వేసిన 1113వ బంతి. రాడారు దానికి గంటకు సుమారు 143 కిలోమీటర్లు చూపెను. భారతదేశము 6 పరుగులతో గెలిచెను. ఆ పర్యటనయందు సిరాజ్ వికెట్లు 23. టైసన్‌కు వెల్లింగ్టన్‌లో దొరికిన అంకెయు ఇంచుమించు ఇదే. కొలిచిన పద్ధతులు వేరగుటచే ఆ రెంటిని పోల్చను. సిరాజ్ అంకెను సిరాజ్ అంకెతోనే పోల్చవలెను: 185 ఓవర్లు వేసిన శరీరము చివరి ఉదయమున, చివరి వికెట్టునకు, తనకు కావలసిన చోట, తన తొలిదినపు వేగముతోనే బంతిని దింపగలిగినది. అతని బౌలింగునకు ఇంతకంటె ఉత్తమమైన కొలత నాకు తెలియదు.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాలలో ఇపుడు చిన్న అకాడమీలకు సైతము స్పీడ్ గన్నులు వచ్చినవి. సెలెక్షన్ ట్రయల్సున కుఱ్ఱవాడు వేసిన ఆరు బంతులలో అత్యధికమైనదానిని ఒక కాగితముమీద వ్రాసికొని, దానినిబట్టి వానిని తీసికొనుటయో పంపివేయుటయో జరుగుచున్నది. ఎంపికచేయు పెద్దలకు నా మనవి ఒక్కటి. ఆ కాగితమున మరి రెండు గళ్లు గీయుడు: గుడ్ లెంగ్త్ చోట ఎన్ని బంతులు పడినవో ఒకదానియందు, పదునైదు ఓవర్లు వేయించిన పిమ్మట సాయంకాలపు వేగమెంతయో రెండవదానియందు వ్రాయుడు. కుఱ్ఱవానిని తీసికొనుటయైనను పంపివేయుటయైనను ఆ మూడు గళ్లు నిండిన పిమ్మటనే నిర్ణయింపుడు.